తల్లి ఇంటిపేరుతో ఈదే చేపలు

విజ్ఞాన వీచిక

గత శీతాకాలంలో ఎల్.టి.సి. సదుపాయంపై సకుటుంబంగా అండమాన్ దీవులకు వెళ్ళివచ్చిన మన సహోద్యోగి ఒకరు ఇటీవల క్యాంటీన్‌లో కలిసినప్పుడు ఒక ముచ్చట చెప్పారు. వండూరు దగ్గరి మహాత్మా గాంధీ సముద్ర జాతీయ ఉద్యానంలో జాలీ బాయ్ దీవి ఉన్నది. అక్కడ అడుగున గాజు పలక బిగించిన పడవలో కూర్చుని పగడపు దిబ్బలను చూస్తున్నారట. పసుపు, నీలం, నారింజ రంగుల చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. తొమ్మిదవ తరగతి చదువుతున్న వారి అమ్మాయి తల ఎత్తకుండానే, "నాన్నా! ఈ చేపలన్నీ ఇక్కడే పుట్టాయా, లేక ఎక్కడినుంచైనా కొట్టుకువచ్చాయా?" అని అడిగిందట. పడవ నడిపేవాడు నవ్వి ఊరుకున్నాడు. తండ్రికీ సమాధానం తోచలేదు. ఆ ప్రశ్నను ఈ శీర్షికకు అప్పగించి ఆయన తన సెక్షన్‌కు వెళ్ళిపోయారు.

పాఠకులారా! చూడడానికి ఇది చిన్నపిల్ల అడిగిన చిన్న ప్రశ్నే. కాని సముద్ర జీవశాస్త్రజ్ఞులు కొన్ని దశాబ్దాలుగా శోధిస్తున్నదీ ఈ ప్రశ్ననే. ఒక పగడపు దిబ్బ నాశనమైతే అక్కడికి చేపలు తిరిగి వస్తాయా, వస్తే ఎక్కడినుండి వస్తాయి అన్నది దీని సమాధానంపైనే ఆధారపడి ఉన్నది.

సంచార బాల్యం, స్థిర నివాసం

పగడపు దిబ్బపై నివసించే చేపలలో అనేకం పెద్దవైన తరువాత ఇల్లు కదలని గృహస్థులు. క్లౌన్ చేప జీవితమంతా దాదాపు ఒకే సముద్రపు ఎనిమోన్ నీడన గడుపుతుంది. కొన్ని డామ్‌సెల్ చేపలకు కొద్ది గజాల మేర రాతి ప్రదేశమే సర్వ ప్రపంచం. అయితే వీటి బాల్యం ఇందుకు పూర్తిగా విరుద్ధం. కొన్ని జాతులు గుడ్లను నేరుగా నీటిలోకి వదులుతాయి. కొన్ని రాతికి అంటించి, పిల్లలు వెలువడేవరకు కాపలా కాస్తాయి. ఎలా పుట్టినా, కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉండే ఆ డింభకాలు బహిరంగ సముద్రంలోకి చేరి తేలియాడుతూ పెరుగుతాయి. క్లౌన్ చేపలలో ఈ దశ పది రోజులు, అటూ ఇటూగా ఉంటుంది. కెరిబియన్ సముద్రంలోని బ్లూహెడ్ రాస్ అనే చేపలో నెలన్నర దాటుతుంది. ఆ గడువు తీరిన తరువాత బ్రతికి బయటపడిన కొద్దిపాటి పిల్లలు ఏదో ఒక దిబ్బను వెతుక్కుని స్థిరపడతాయి.

నెలన్నరపాటు ప్రవాహంలో ఉన్న డింభకం వందల కిలోమీటర్లు కొట్టుకుపోగలదు. కనుక దిబ్బలన్నీ ఒకే ఉమ్మడి కుటుంబమనీ, ఒకచోట లోటు ఏర్పడితే మరొకచోటి నుండి అదే భర్తీ అవుతుందనీ చాలాకాలం భావించారు. సముద్రంలో గోడలు లేవు కదా! ఈ నమ్మకాన్ని పరీక్షించాలంటే ఆవగింజంత డింభకం వెంట సముద్రమంతా తిరగడం అసాధ్యం. అందువల్ల శాస్త్రజ్ఞులు వేరొక దారి పట్టారు. చేప ప్రయాణాన్ని చూడలేకపోయినా, దాని వంశవృక్షాన్ని చదవవచ్చునని గ్రహించారు.

తల్లి ఇచ్చే ఇంటిపేరు

జీవకణంలో జన్యు సమాచారం రెండు చోట్ల ఉంటుంది. అత్యధిక భాగం కేంద్రకంలో ఉంటుంది. తల్లి నుండి సగం, తండ్రి నుండి సగం వచ్చి కలిసే ఆస్తి అది. రెండవది మైటోకాండ్రియాలలో ఉంటుంది. ఇవి కణానికి శక్తిని ఉత్పత్తి చేసిపెట్టే సూక్ష్మ భాగాలు, ఒక విధంగా కణపు పవర్ హౌస్‌లు. వీటికి స్వంత డి.ఎన్.ఎ. ఉన్నది. అది వలయాకారంలో ఉండే చిన్న గ్రంథం. మానవునిలో దాని నిడివి 16,569 అక్షరాలు. దానిని 1981లో కేంబ్రిడ్జ్ శాస్త్రజ్ఞులు పూర్తిగా చదివారు. చేపలలోనూ నిడివి రమారమి అంతే. అందులో ఉండేవి అవే 37 జన్యువులు.

మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. సంతానానికి తల్లి నుండి మాత్రమే సంక్రమిస్తుంది. అరుదైన మినహాయింపులు ఉన్నా సాధారణ నియమం ఇదే. మన ఇంటిపేరు తండ్రి నుండి వస్తుంది. దీనిని తల్లి నుండి వచ్చే ఇంటిపేరు అనుకోవచ్చు. కొడుకులకూ కూతుళ్ళకూ తల్లి ఇంటిపేరే వస్తుంది గాని, దానిని మరుసటి తరానికి అందించగలిగేది కూతుళ్ళు మాత్రమే. కొడుకులే కలిగిన తల్లి ఇంటిపేరు అక్కడితో ఆగిపోతుంది. క్లౌన్ చేపల విషయంలో ఇక్కడొక వింత ఉన్నది. ఈ చేపలు మొదట మగవిగా ఉంటాయి. ఎనిమోన్‌పై పెత్తనం చేసే ఆడచేప మరణించినప్పుడు, దానితో జతకట్టిన మగచేప ఆడచేపగా మారుతుంది. తండ్రిగా ఉన్నంతకాలం పిల్లలకు ఇవ్వలేని ఇంటిపేరును ఆ తరువాత తల్లిగా అది ఇవ్వగలుగుతుంది.

తరతరానికీ ఈ గ్రంథాన్ని ఎత్తి రాసేటప్పుడు అప్పుడప్పుడు ఒక అక్షరం తప్పిపోతుంది. ఆ తప్పు ఆ తల్లి సంతతికంతటికీ గుర్తుగా నిలిచిపోతుంది. వెన్నెముక గల జీవులలో ఇటువంటి మార్పులు సాధారణంగా కేంద్రకపు డి.ఎన్.ఎ. కంటే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.లో వేగంగా పేరుకుంటాయి. చేప రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి ఆల్కహాల్‌లో భద్రపరిస్తే చాలు, ప్రయోగశాలలో ఆ అక్షరాలను చదవవచ్చు. ఇలా జన్యు శాఖలను భౌగోళిక పటంపై పరచి చూసే శాస్త్రానికి అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ ఎవైస్, ఆయన సహచరులు 1987లో 'ఫైలోజియోగ్రఫీ' అని పేరు పెట్టారు.

దీని అంతరార్థం మనకు సులభంగానే బోధపడుతుంది. రాకపోకలు లేని మారుమూల పల్లెకు వెళితే ఊరంతా రెండు మూడు ఇంటిపేర్లే కనిపిస్తాయి. మన టౌన్‌షిప్ క్వార్టర్ల ముందు నామఫలకాలు చూడండి, వందల ఇంటిపేర్లు, అనేక రాష్ట్రాలవి! ఫలకాలు చదివితేనే ఏ ఊరికి బయటి మనుషులు వస్తున్నారో, ఏ ఊరు ఒంటరిగా ఉన్నదో తెలిసిపోతుంది. పగడపు దిబ్బల నామఫలకాలను చదవడమే ఈ పరిశోధన.

కెరిబియన్ చేపలు చెప్పిన సాక్ష్యం

షుల్మన్, బర్మింగ్‌హామ్ అనే శాస్త్రజ్ఞులు కెరిబియన్ దిబ్బలకు చెందిన 8 జాతుల చేపల మైటోకాండ్రియా డి.ఎన్.ఎ.ను పరిశీలించి 1995లో ఫలితాలను ప్రకటించారు. నీటిలో తేలే గుడ్లు పెట్టే జాతులు, రాతికి అంటించే జాతులు, తక్కువ కాలం తేలియాడేవి, ఎక్కువ కాలం తేలియాడేవి, అన్నిటినీ ఎంచుకున్నారు. ఎక్కువ కాలం తేలియాడే జాతులలో దిబ్బల మధ్య భేదం తక్కువగా ఉండాలన్నది సహజమైన అంచనా. ఆ అంచనా ఫలించలేదు. గుడ్డు రకం గాని, డింభక దశ నిడివి గాని, ఉపరితల ప్రవాహాలు గాని భేదాన్ని ముందుగా చెప్పగల కొలబద్దలుగా నిలవలేదు. మొత్తం మీద దూరపు దిబ్బల మధ్య కూడా భేదాలు స్వల్పమే. సముద్రంలో గోడలు లేవన్న పాత నమ్మకానికి ఇది బలం చేకూర్చినట్లే అనిపించింది.

అయితే 2003లో అదే సముద్రం నుండి వేరొక సాక్ష్యం వెలువడింది. పెద్ద చేపల శరీరాలపై పరాన్నజీవులను ఏరి శుభ్రం చేసే చిన్న గోబీ చేప ఒకటి అక్కడ ఉన్నది. దాని డింభకాలు సుమారు మూడు వారాలు తేలియాడతాయి. టేలర్, హెల్‌బర్గ్ దాని మైటోకాండ్రియా జన్యువును చదివినప్పుడు, కేవలం 23 కిలోమీటర్ల దూరంలో ఉన్న సముదాయాలు సైతం వేర్వేరు శాఖలకు చెందినవని తేలింది. మూడు వారాల గడువు ఉండి కూడా పిల్లలు పొరుగూరికి పోలేదన్న మాట. తేలియాడడమంటే తప్పనిసరిగా కొట్టుకుపోవడమని అర్థం కాదు.

తేలియాడే బాల్యమే లేని చేప సంగతి చెప్పనక్కరలేదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఎకాంతోక్రోమిస్ అనే డామ్‌సెల్ చేప పిల్లలను సముద్రానికి వదలక, తల్లిదండ్రులు రెండూ వెంట ఉంచుకుని సాకుతాయి. దిబ్బ మారితే ఈ చేప జన్యు శాఖ మారిపోతుంది. కొన్నిచోట్ల ఒంటి రంగు కూడా మారుతుంది.

బురద గోడ, కాలపు గోడ

సముద్రంలో కంటికి కనిపించని గోడలు ఉన్నాయి. దక్షిణ అమెరికాలో అమెజాన్ నది కుమ్మరించే మంచినీరు, ఒండ్రుమట్టి బ్రెజిల్ దిబ్బలను కెరిబియన్ దిబ్బల నుండి వేరుచేస్తాయి. పగడాలకు తేటగా ఉండే ఉప్పునీరు కావాలి. గంగా బ్రహ్మపుత్రల, మన గోదావరి కృష్ణల ఒండ్రు కలిసే బంగాళాఖాతపు తీరంలో లక్షద్వీప్, అండమాన్ వంటి పగడపు దిబ్బలు వెలయకపోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే.

రోషా, ఆయన సహచరులు 2002లో అట్లాంటిక్ సముద్రపు మూడు సర్జన్ చేపల మైటోకాండ్రియా జన్యువును పోల్చారు. మూడింటి డింభకాలు తేలియాడే కాలం దాదాపు సమానమే. అయినా ఒక జాతిలో బ్రెజిల్, కెరిబియన్ శాఖలు స్పష్టంగా విడిపోయి ఉన్నాయి. మరొక జాతిలో తేడా దాదాపు లేదు. కారణం పిల్లలలో కాక పెద్ద చేపల అలవాట్లలో కనిపించింది. రెండవ జాతి చేపలు దిబ్బపైనే కాక ఇతర ఆవాసాలలోనూ కాపురం చేయగలవు. అమెజాన్ జలాల అడుగున స్పంజికలు పెరిగే నేలపై సైతం అవి దొరికాయి. కొత్త ఊరిలో సర్దుకోగలిగినవానికి దారిలోని నది అడ్డంకి కాలేదు. మొదటి జాతి విషయంలో కెరిబియన్ శాఖ వేరొక జాతియేనని 2011లో నిర్ధారించి, పోయీ అనే శాస్త్రజ్ఞుడు 1860లో పెట్టిన పేరును దానికి పునరుద్ధరించారు.

కాలం కట్టిన గోడలు కూడా ఉన్నాయి. సుమారు 30 లక్షల సంవత్సరాల క్రితం పనామా భూసంధి మూసుకుపోయి రెండు మహాసముద్రాలను విడదీసిందని విస్తృతంగా అంగీకరించిన అంచనా. అటూ ఇటూ మిగిలిన జంట జాతుల డి.ఎన్.ఎ. తేడాలను లెక్కించి, ఎంతకాలంలో ఎన్ని అక్షరాలు మారతాయన్నది అంచనా కట్టారు. మన వైపు కథ కూడా ఇటువంటిదే. గత హిమయుగంలో, సుమారు 20,000 సంవత్సరాల క్రితం, సముద్రమట్టం ఇప్పటికంటే 120 మీటర్ల మేర తక్కువ. అప్పుడు మలయా ద్వీపకల్పం, సుమత్రా, జావా, బోర్నియో ఒకే భూభాగంగా కలిసి, హిందూ మహాసముద్రానికీ పసిఫిక్‌కూ నడుమ ఆనకట్టలా నిలిచాయి. నెమలి గ్రూపర్ అనే చేపపై 2011లో వెలువడిన అధ్యయనంలో ఆ ఎడబాటు గుర్తులు నేటికీ కనిపించాయి. హిందూ మహాసముద్రపు తల్లుల సంతతి ఒక శాఖ, పసిఫిక్ తల్లుల సంతతి మరొక శాఖ. సముద్రమట్టం మళ్ళీ పెరిగిన తరువాత రెండు శాఖలూ ఇండోనేషియా ప్రాంతపు జలాలలో కలుసుకున్నాయి.

తోడు పెరుగు లెక్క

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. రెండు దిబ్బలలోని చేపల మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. ఒకే తీరుగా ఉన్నదనుకుందాం. అయితే ఒకటి పాడైనా రెండవది దానిని నింపుతుందని మనం నిశ్చింతగా ఉండవచ్చునా?

ఉండరాదు. జనాభా జన్యుశాస్త్రంలో ప్రసిద్ధమైన లెక్క ఒకటి ఉన్నది. తరానికి ఒకటి రెండు జీవులు వలస వచ్చి సంతానాన్ని కన్నా చాలు, రెండు సముదాయాలూ జన్యుపరంగా దూరమైపోకుండా నిలుస్తాయి. కుండెడు పాలు తోడుకోవడానికి చెంచాడు పెరుగు చాలు. కాని ఆ చెంచాడు పెరుగుతో పెళ్ళి పంక్తికి వడ్డించలేము. జన్యువుల పోలిక చెప్పేది తోడు సంగతి. మత్స్యకారునికి కావలసింది పంక్తి సంగతి, అనగా ఈ ఏటి వలకు సరిపడా చేపపిల్లలు ఎక్కడినుండి వస్తాయన్నది. మొదటిది వేల సంవత్సరాల చరిత్ర, రెండవది వచ్చే ఏడాది జీవనోపాధి. డి.ఎన్.ఎ.లో తేడా కనిపిస్తే రాకపోకలు లేవని దాదాపు నమ్మవచ్చు. తేడా కనిపించకపోతే మాత్రం తగినన్ని రాకపోకలు ఉన్నాయని నమ్మరాదు. పైగా తల్లి ఇంటిపేరు కుటుంబ చరిత్రలో ఒక పాయ మాత్రమే, తండ్రుల కథ అందులో ఉండదు.

అందువల్ల పరిశోధకులు పంక్తి లెక్కను వేరే విధంగా కట్టారు. 1999లో జెఫ్రీ జోన్స్ బృందం గ్రేట్ బారియర్ రీఫ్‌లోని లిజార్డ్ దీవి ప్రయోగాన్ని ప్రకటించింది. కోటి డామ్‌సెల్ చేప పిండాలకు టెట్రాసైక్లిన్ ఔషధంతో గుర్తు వేశారు. తరువాత వచ్చి స్థిరపడిన 5,000 పిల్లలను పరీక్షిస్తే 15 పిల్లలలో ఆ గుర్తు దొరికింది. 15 అంటే అల్పంగా తోచవచ్చు. కాని దీవిలో పుట్టిన వాటిలో కొద్ది శాతానికి మాత్రమే గుర్తు వేయగలిగారన్నది లెక్కలోకి తీసుకుంటే, స్థిరపడిన పిల్లలలో 15 నుండి 60 శాతం వరకు ఆ దీవిలోనే పుట్టినవై ఉండవచ్చునని తేలింది. 2005లో పపువా న్యూ గినీలో కేంద్రకపు డి.ఎన్.ఎ. ద్వారా తల్లిదండ్రులను గుర్తించి చూడగా, ఒక క్లౌన్ చేప పిల్లలలో సుమారు మూడవ వంతు పుట్టినచోటికే తిరిగివచ్చాయి. కొన్ని తాము పుట్టిన చోటికి వంద మీటర్లలోపే కాపురం పెట్టాయి. బాల్యమంతా ఊరూరా తిరిగినా, చివరకు పుట్టింటి దగ్గరే ఇల్లు కట్టుకున్నాయి.

మనకెందుకు ఈ లెక్క?

లక్షద్వీప్‌లో సముద్రజలాలు వేడెక్కి 1998, 2010, 2016 సంవత్సరాలలో పగడాలు తెల్లబడి పెద్దయెత్తున నశించాయి. 2024లో ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి పగడాల వివర్ణత ప్రకటితమైనప్పుడు కూడా ఆ దీవులు తీవ్రంగా దెబ్బతిన్నాయి. అక్కడివారి ప్రధాన జీవనాధారం ట్యూనా వేట. మన తీరపు మత్స్యకారులు సూర అని పిలిచే చేప ఇది. దానిని అక్కడ గేలపు కర్రతో పడతారు. అందుకు లగూన్లలోనూ దిబ్బల చెంతనూ దొరికే చిన్న చేపలు సజీవ ఎరగా కావాలి. దిబ్బ చిక్కితే ఎర చిక్కుతుంది, ఎర చిక్కితే పడవ ఒడ్డునే ఉంటుంది. "ఎక్కడినుండో చేపలు అవే వస్తాయి" అన్న నమ్మకంతో ఆ కుటుంబాలు పొయ్యి వెలిగించుకోలేవు.

పొరుగు దిబ్బలే ఆధారమైతే, పొరుగునే కొన్ని దిబ్బలను వేట లేకుండా కాపాడుకోవాలి. దీనికి నిదర్శనం 2012లో లభించింది. గ్రేట్ బారియర్ రీఫ్‌లోని కెపెల్ దీవులలో వేట నిషేధించిన దిబ్బలు ఆ ప్రాంతపు దిబ్బల విస్తీర్ణంలో 28 శాతం మాత్రమే. రెండు ఆహారపు జాతుల చేపపిల్లల తల్లిదండ్రులను డి.ఎన్.ఎ. ద్వారా గుర్తించగా, 30 కిలోమీటర్ల పరిధిలో స్థిరపడిన పిల్లలలో దాదాపు సగం ఆ రక్షిత దిబ్బల సంతానమేనని తేలింది. వేట సాగే దిబ్బలకు కూడా పిల్లలు అక్కడినుండే వెళుతున్నాయి. పెద్ద దిబ్బ ఒకదానిని ఎక్కడో దూరాన కాపాడడంతో సరిపెట్టుకోక, ఒకదానికొకటి అందుబాటులో ఉండే దిబ్బలను అంచెలంచెలుగా కాపాడుకోవడం మేలన్నది దీని సారాంశం.

ఇక మన సహోద్యోగి అమ్మాయికి సమాధానం. అమ్మా! నీవు గాజు పలకలోంచి చూసిన చేపలలో కొన్ని ఆ చుట్టుపక్కలే పుట్టి, సముద్రం చూసివచ్చి, మళ్ళీ ఇంటికి చేరినవై ఉండవచ్చు. కొన్ని పొరుగు దిబ్బల బిడ్డలు కావచ్చు. ఎక్కడో ఒకటి చాలా దూరం నుండి వచ్చిన అతిథి కావచ్చు. ఏది ఏదో కంటితో చెప్పలేము. వాటి తల్లి ఇచ్చిన ఇంటిపేరు చదివితే పూర్వీకుల దారి కొంత తెలుస్తుంది. కాని ఆ దిబ్బ రేపు కూడా అలాగే కళకళలాడాలంటే, దూరపు అతిథి కోసం ఎదురుచూడడం చాలదు. అక్కడ పుట్టిన పిల్లలు తిరిగి వచ్చేసరికి ఇల్లు నిలిచి ఉండాలి.